భానుమతి కాదు బాబూ, బొన్మతీ: డాబాగార్డెన్స్ జెర్సీ ప్రింటింగ్ షాపు రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఈ రామాయణమంతా. అంత ఓపిక లేనోళ్ళకి ఒక్క ముక్క, క్రికెట్ జెర్సీ మీద పేరు వేయించుకోవాలంటే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు, ఫుట్‌బాల్, అందులోనూ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ అయితే మాత్రం స్పెల్లింగ్ కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుకుని వెళ్ళండి, ప్రింటు కొట్టేదాకా అక్కడే స్టూల్ వేసుకుని కూర్చోండి.

షాపు పేరు రాయట్లేదు. ఓనరు మంచి మనిషి, ఒక్క అక్షరం కోసం ఆయన్ని బజారుకీడ్చడం నాకిష్టం లేదు. వైజాగ్‌లో డాబాగార్డెన్స్ నుంచి జగదాంబ వైపు వస్తుంటే ఓ సందులో, కింద జిరాక్సు, పక్కన బ్లౌజులు కుట్టే టైలరు, మెట్లెక్కితే ఇది. ఆ మెట్లు ఎంత ఇరుకంటే పైనుంచి దిగేవాళ్ళు దిగాకే మనం ఎక్కాలి. బండి పెట్టుకోడానికి చోటు అస్సలు లేదు, స్కూటీ ఎక్కడో పెట్టుకుని నడవాల్సిందే, పార్కింగుకే అర పాయింటు తీసేశా.

అసలు నేను అక్కడికెందుకెళ్ళానంటే మా అమ్మాయి కోసం. పదమూడేళ్ళు, ఎనిమిదో క్లాసు, శని ఆదివారాలు ఫుట్‌బాల్ కోచింగుకి వెళ్తుంది, ఆడేది మిడ్‌ఫీల్డు. మిడ్‌ఫీల్డంటే ఏంటో నాకు రెండేళ్ళ క్రితం దాకా తెలీదు. గోల్ కొట్టేవాళ్ళు, గోల్ ఆపేవాళ్ళు, మధ్యలో ఊరికే పరిగెత్తేవాళ్ళు అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు అర్థమైన లెక్కలో చెప్తా, పెళ్ళింట్లో వంటశాలకీ పంక్తికీ మధ్య తిరిగే పెద్దమ్మ ఒకావిడ ఉంటుంది చూడండి, ఆవిడ వండదు, వడ్డించదు, కానీ ఏ వరసలో సాంబారు అయిపోవస్తోందో బకెట్టు ఖాళీ అవ్వకముందే ఆవిడకి తెలుస్తుంది, అదీ మిడ్‌ఫీల్డరంటే. మా పిల్లకి చెప్తే నవ్వింది కానీ కాదనలేదు.

2023 ఆగస్టు 20, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నరకి ఆడవాళ్ళ వరల్డ్‌కప్ ఫైనలు, సిడ్నీలో, స్పెయిన్‌కీ ఇంగ్లండ్‌కీ. మేమంతా చేపల పులుసు తిని పడుకునే టైము. ఇది ఒక్కత్తే ఫోను గోడకి ఆనించి చూస్తోంది. స్పెయిన్ 1-0తో గెలిచింది, గోల్ కొట్టింది ఓల్గా కార్మోనా. నేను లేచి చూసేసరికి కప్పు పట్టుకుని గెంతుతున్నారు, మా పిల్ల మాత్రం ఒక పొట్టమ్మాయిని వేలు పెట్టి చూపించి "అమ్మా ఈమె" అంది. గోల్ కొట్టింది ఈమేనా అంటే కాదు, ఈమె అసలు ఎవరూ బంతి ఇవ్వకముందే తల తిప్పి తిప్పి అటూ ఇటూ చూస్తుంది, బంతి వచ్చేసరికి ఎటు ఇవ్వాలో డిసైడ్ అయిపోయి ఉంటుంది అంది. ఆ టోర్నమెంటు మొత్తానికి బెస్ట్ ప్లేయరుకిచ్చే గోల్డెన్ బాల్ కూడా ఆ పొట్టమ్మాయికే ఇచ్చారు. పేరు ఐతానా బొన్మతీ. ఆ రోజునుంచీ మా ఇంట్లో మనిషైపోయింది. వీధిలో నడుస్తున్నా మా పిల్ల భుజాల మీదనుంచి వెనక్కి చూస్తూ నడుస్తుంది, అదే ప్రాక్టీసంట, మొన్న మద్దిలపాలెంలో ఆటోవాడు బ్రేకేసి "ఎవరికోసం సూత్తన్నావమ్మా" అని తిట్టి పోయాడు.

ఆ బొన్మతీకి 2025 నవంబరు ఆఖర్లో స్పెయిన్ టీమ్ ప్రాక్టీసులో ఎడమకాలి ఫిబులా, అంటే మోకాలి కింద ఉండే సన్నెముక, విరిగింది. ఆపరేషన్ అయింది, నెలల తరబడి ఆట లేదన్నారు. మా ఇంట్లో కూడా రెండ్రోజులు ఎవరికీ ఆటపాటల్లేవు. జనవరి 18 ఆమె పుట్టినరోజు, ఈసారి ఆదివారం పడింది, ఆదివారం మాకు కోచింగు, ఆ రోజు ఆమె పేరున్న జెర్సీ వేసుకుని ఆడతానని మొదలెట్టింది. సరే కదా అని జనవరి మొదటి శనివారం వెళ్ళాం. రెండు వారాల టైముంది, ఇంకేం కావాలి అనుకున్నా.

షాపులో గోడ నిండా జెర్సీలే. మెస్సీ 10, రొనాల్డో 7, కోహ్లీ 18, మన సునీల్ ఛెత్రీ 11 ఒకటి మూలన. ఒక సంతోషం ఏంటంటే కోహ్లీ పక్కనే అదే 18 నంబరుతో స్మృతి మంధానా కూడా వేలాడుతోంది. 2025 అక్టోబర్లో మన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఆడవాళ్ళ క్రికెట్ వరల్డ్‌కప్ మేచ్‌లు అయ్యాయి కదా, ఆస్ట్రేలియాతో మేచ్ రోజు ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు, ఇంకోదానికి రావి కల్పన పేరు పెట్టారు, మనోళ్ళు 330 కొట్టి కూడా ఓడిపోయారు, నవంబర్లో మళ్ళీ వాళ్ళే కప్పు తెచ్చారు. ఓనరు అన్నాడు, "ఆ మేచ్ నాడు స్మృతి జెర్సీలు ఉన్నవన్నీ ఎల్లిపోయినాయమ్మా, ఇంకా ఏత్తే ఇంకా పోవును, మేం అనుకోలేదు." అనుకోలేదన్న మాట గుర్తుపెట్టుకోండి, ఈ షాపు కథంతా అదే.

"పాపకేటి, మెస్సీయా రొనాల్డోవా?" అన్నాడు. మా పిల్ల ఆమె ఆడే క్లబ్బు బార్సిలోనా జెర్సీ చూపించి, బొన్మతీ, 14 అంది. ఆయన ఆర్డర్ బుక్కులో శ్రద్ధగా రాసుకున్నాడు. తొంగి చూద్దును కదా, తెలుగులో "భానుమతి - 14 - సైజు 30".

నేను ఆపుకోలేక పగలబడి నవ్వా. మా పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. భానుమతి కాదంకుల్, బొన్మతీ, ఇంటిపేరు అది. ఆయన కూడా నవ్వి, "సీమతి, ఇందుమతి, భానుమతి, అలగుంటాది గదమ్మా మనకి" అన్నాడు. కొట్టేసి సరిచేశాడు. ఇంగ్లీషు స్పెల్లింగ్ వాట్సాప్‌లో పెట్టమన్నాడు, అక్కడే నిలబడి పెట్టేశాం, రెండు బ్లూ టిక్కులు కూడా పడ్డాయి. రేటు చెప్తా, పిల్లల సైజు జెర్సీ 450, పేరుకి అక్షరానికి 15, నంబరుకి అంకెకి 60. ఏడక్షరాలు, రెండంకెలు, మొత్తం 675. ఆన్‌లైన్లో ఆఫీషియల్ జెర్సీ రేటు చూసినవాళ్ళకి ఇది ధర్మానికిచ్చినట్టే. బట్ట పాలిస్టరే, మరీ పల్చగా లేదు, మన ఉక్కపోతకి ఒంటికి అతుక్కోకుండా ఆరిపోతుంది, అది మాత్రం పూర్తి మార్కులు. ఆడపిల్లల కట్ లేదు, మగపిల్లలదే చిన్న సైజు, భుజాల దగ్గర కొంచెం జారుతుంది. ఎందుకు పెట్టరండీ అంటే అడిగినోళ్ళు లేరంటాడు. అడగడానికి పెడితే కదా.

ప్రింటు సంగతి కాస్త తెలుసుకుంటే మంచిది. తెల్ల జెర్సీకి సబ్లిమేషన్ చేస్తారు, రంగు బట్టలోకే ఇంకిపోతుంది కాబట్టి జన్మలో ఊడదు. ముదురు రంగు మీద అది కనపడదు, అందుకని వినైల్ కొడతారు, అంటే రంగు షీటు మీద కటింగ్ మిషన్ అక్షరాలు కోస్తుంది, అక్షరం చుట్టూ ఉన్న వేస్టుని సూదితో లేపి పీకి పారేసి, మిగిలిన అక్షరాన్ని జెర్సీ మీద పెట్టి హీట్ ప్రెస్సులో కొన్ని సెకన్లు నొక్కుతారు. బార్సిలోనాది నీలం ఎరుపు చారలు, సో వినైలే. ఊడేది వినైలే, అందుకే దీనికి ఆపరేటర్ చెయ్యి మంచిదవ్వాలి.

గురువారం వచ్చెయ్యండన్నాడు. గురువారం ఫోన్ చేస్తే శనివారం. శనివారం చేస్తే, అమ్మా సంక్రాంతి ముందు కదా, ఊళ్ళల్లో క్రికెట్ టోర్నమెంట్లు, ఒక్కో టీమూ పాతిక జెర్సీలు, భీమిలి అవతల నుంచి కుర్రాళ్ళొచ్చి నెత్తిమీద కూచున్నారు, మీదొక్కటీ పండగెళ్ళాక. నిజమే, అటువైపు పండగ టోర్నమెంట్ల సంగతి నాకు తెలుసు, మా తమ్ముడే ఇరవై ఏళ్ళు ఆడాడు. కానీ ముందు చెప్పొచ్చు కదా. చివరికి 17వ తారీఖు సాయంత్రం ఆరింటికి రమ్మన్నాడు. తెల్లారితే పుట్టినరోజు.

వెళ్ళాం. జెర్సీ తీసి బల్ల మీద పరిచాడు. పసుపు రంగులో 14 భలే ఉంది. పైన పేరు చూశా. నాకు ముందు ఏం తేడా తెలీలేదు. మా పిల్ల మొహం మాడిపోయింది. చివర్లో టీ కీ ఐ కీ మధ్య ఒక హెచ్. బొన్మథి. ఎనిమిదక్షరాలు.

కంప్యూటర్ దగ్గరున్న కుర్రాణ్ణి పిలిచాడు. వాడేమో "మతి అంటే టీహెచ్ఐ కదన్నా, ఆళ్ళు మర్సిపోయారనుకుని నేనే ఏసేను" అన్నాడు. మేం మర్చిపోయామంట. వాడు మాకు సాయం చేశాడన్నమాట. కోపం రావాలి నాకు, నిజంగా రావాలి, కానీ నా టెన్త్ సర్టిఫికెట్లో కూడా నా పేరులో ఇలాంటి హెచ్ ఒకటి ఏ మాస్టారో సాయం చేసి పెట్టిందే, ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆఫీసులోనూ దానికి సంజాయిషీ ఇస్తూనే ఉన్నా. తెలుగోళ్ళం, త అంటే హెచ్ లేకుండా మనసొప్పదు.

ఇక్కడ ఓనరుకి పడింది నా మార్కు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. షట్టరు సగం దించి, కూచోండమ్మా ఇప్పుడే సేసేద్దాం అని, మిషన్ మళ్ళీ వేడెక్కించాడు. అది వేడెక్కడానికి పది నిమిషాలు పట్టింది. కింద నుంచి టీ తెప్పించాడు. కొత్త ఐ ఒకటి కోయించి, వేస్టు సూదితో పీకుతూ, "ఇంతకీ ఎవల్రా పాపా ఈవిడ, ఏటి సేసిందేటి?" అని అడిగాడు. మా పిల్లకి ఆ మాటే కావాలి. ఆ పావుగంట నేను మళ్ళీ నోరెత్తలేదు.

బార్సిలోనాకి దగ్గర్లో రిబెస్ అని చిన్న ఊరంకుల్, అక్కడ ఆడపిల్లలకి టీమ్ లేదు, పదమూడేళ్ళొచ్చేదాకా మగపిల్లల్తోనే ఆడింది. తర్వాత బార్సిలోనా క్లబ్బు చిన్నపిల్లల టీమ్‌లో చేరింది, వాళ్ళ నాన్న రోజూ బస్సుల్లో రైళ్ళలో తీసుకెళ్ళేవాడు. (ఇక్కడ ఓనరు నా వంక చూశాడు. మాకు స్కూటీ ఉంది బాబూ అన్నా.) 2019లో ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్బులన్నిటికీ పెద్ద కప్పు, దాని ఫైనల్‌కి మొదటిసారి వెళ్ళారు, బుడాపెస్ట్‌లో, ఫ్రాన్స్‌లోని లియాన్ టీమ్ చేతిలో 4-1, చిత్తు. రెండేళ్ళకి మళ్ళీ ఫైనల్‌కొచ్చి చెల్సీని 4-0, ఆ నాలుగూ మొదటి 36 నిమిషాల్లోనే, అందులో మూడోది ఈమెదే, ఆ మేచ్‌కి బెస్ట్ ప్లేయరూ ఈమే. 2023 ఫైనల్లో వుల్ఫ్స్‌బర్గ్ మీద 0-2 వెనకబడి కూడా 3-2తో గెలిచారు. 2024లో ఆ లియాన్‌నే 2-0తో కొట్టారు, మొదటి గోల్ ఈమెదే. ఆ కక్ష తీరడానికి ఐదేళ్ళు పట్టింది, మధ్యలో 2022లో కూడా లియాన్ దగ్గరే ఓడారు అంది, కక్ష అనే మాట అంటున్నప్పుడు దాని మొహం చూడాలి, మా అత్తగారి పోలిక.

ఆడోళ్ళ ఆట సూడ్డానికి జనం వత్తారా అన్నాడు కుర్రాడు. వాడి హెచ్ బాకీ ఇంకా ఉంది కదా, గట్టిగానే పడింది. 2022 ఏప్రిల్లో బార్సిలోనా వాళ్ళ స్టేడియం కాంప్ నౌలో బార్సిలోనా వుల్ఫ్స్‌బర్గ్ మేచ్‌కి 91,648 మంది వచ్చారు. మన స్టేడియంలో పట్టేది ముప్ఫై వేల లోపే, అలాంటివి మూడు నింపినా ఇంకా బయట మిగులుతారు. వాడు నోరు మూసుకుని మిషన్ టెంపరేచర్ చూడ్డానికెళ్ళాడు.

బాలన్ డోర్ (బంగారు బంతి అని అర్థం) అని ప్రపంచంలో బెస్ట్ ప్లేయరుకి ఇస్తారు, మెస్సీకి ఇచ్చేది, అది ఆడవాళ్ళకి 2018 నుంచే ఇస్తున్నారు. 2021, 2022 అలెక్సియా పుటెయాస్‌కి, 2023, 2024, 2025 వరసగా మూడూ బొన్మతీకి. ఆడవాళ్ళలో మూడు గెలిచింది ఈమె ఒక్కతే. గెలిచినప్పుడు ఇద్దరిదీ ఒకే క్లబ్బు, ఇద్దరూ మిడ్‌ఫీల్డే, అంటే ఆ ఐదేళ్ళూ ఆ బంతి బార్సిలోనా మిడ్‌ఫీల్డు దాటి బయటికెళ్ళలేదన్నమాట. ఇది చెప్పేటప్పుడు మా పిల్ల భుజాలు ఇంత పైకి లేచాయి, తనకే ఇచ్చినట్టు.

నాకు మాత్రం ఆమె గెలిచిన వాటికంటే 2025 ఎక్కువ నచ్చింది, ఆ సంవత్సరం బాలన్ డోర్ వచ్చినా ఆమెకి దెబ్బ మీద దెబ్బ. మే నెలలో లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆర్సెనల్ చేతిలో 1-0తో ఓటమి. జూన్ ఆఖర్లో, ఇంకో వారంలో యూరో కప్పు అనగా, వైరల్ మెనింజైటిస్‌తో హాస్పిటల్లో పడింది. మెదడు పొరల వాపండీ, మన ఇళ్ళల్లో అయితే ఆరు నెలలు మంచం దిగనివ్వం, ఎండలోకి అసలు పంపం. ఆమె లేచి మెల్లగా టీమ్‌లో చేరి, మొదట్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, జులై 23న జర్మనీతో సెమీఫైనల్ ఎక్స్‌ట్రా టైములో 113వ నిమిషంలో గోల్ కొట్టింది. అది గోల్ కొట్టే చోటు కూడా కాదు, గీత పక్కన ఇరుకులో, అందరూ మధ్యలోకి క్రాస్ వేస్తారనుకునే చోటునుంచి గోల్‌కీపరుకీ దగ్గరి పోస్టుకీ మధ్య సందులోంచి లోపలికి. నాలుగు రోజులకి ఫైనల్, ఇంగ్లండ్‌తో, 1-1 అయ్యి పెనాల్టీలకెళ్ళింది, అక్కడ ఈమె కొట్టిన పెనాల్టీని ఇంగ్లండ్ గోల్‌కీపరు హానా హాంప్టన్ ఆపేసింది, స్పెయిన్ ఓడిపోయింది. రాత్రి పన్నెండు దాటింది మనకి. మా పిల్ల దుప్పటి కప్పేసుకుంది. నేనేమో బెస్ట్ ప్లేయరు కూడా మిస్సవుతుందే, ఇంక నువ్వు మొన్న ఫైనల్ ఎగ్జామ్‌లో లెక్క తప్పావని ఏడవడమేంటి అన్నా. టైమింగ్ బాలేదని మావారు కళ్ళతో సైగ చేశారు.

సరే షాపులోకి వద్దాం. మిషన్ వేడెక్కింది. తప్పు అక్షరాల మీద మళ్ళీ వేడి పెట్టి, మెత్తబడ్డాక పట్టకారుతో మూల పట్టుకుని హెచ్, ఐ రెండూ లేపాడు. మెల్లగా, కాలిన చర్మం పొర తీసినట్టు. హెచ్ పోయింది కానీ దాని జిగురు మరక ఉండిపోయింది. దానిమీదే కొత్త ఐ పడేలా పెట్టి, మీద బటర్ పేపరు వేసి నొక్కాడు. చాలామటుకు కప్పేసింది. ఎండలో పక్కకి తిప్పి చూస్తే మాత్రం ఐ కి కుడివైపు హెచ్ కాలు ఒకటి నీడలాగా కనపడుతుంది. పేరు కూడా మధ్యలోంచి బొటనవేలంత ఎడమకి జరిగింది. ఆయన చూసి, "బాలేదమ్మా, కొత్త జెర్సీకి ఏసిత్తాను, సోమవారం" అన్నాడు. రేపే కావాలంకుల్ అంది ఇది. డబ్బులు యాభై వెనక్కివ్వబోయాడు, నేను తీసుకోలేదు, తీసుకోవాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది.

ఆ నొక్కుతున్నప్పుడే ఆయన అడిగాడు, ఇంటిపేరంటున్నారు, నాన్నదేనా అని. అసలు కథ అక్కడుంది. స్పెయిన్ వాళ్ళకి రెండు ఇంటిపేర్లుంటాయి, ముందు నాన్నది, తర్వాత అమ్మది, అప్పటి చట్టం అదే. ఈమె పుట్టింది 1998లో. వాళ్ళమ్మ రోసా బొన్మతీ, నాన్న విసెంత్ కొంకా, ఇద్దరూ కాటలాన్ భాష చెప్పే టీచర్లు. అమ్మ ఇంటిపేరు ముందెందుకు ఉండకూడదని ఇద్దరూ కలిసి పట్టుబట్టారు, పోరాడారు. 1999లో చట్టం మారింది, తల్లిదండ్రులు ఒప్పుకుంటే వరస మార్చుకోవచ్చని. అలా ఈమె ఐతానా బొన్మతీ కొంకా అయింది. లేకపోతే ఈ జెర్సీ మీద కొంకా అని ఉండేది. ఐదక్షరాలే, ముప్ఫై రూపాయలు మిగిలేవి.

ఓనరు ప్రెస్సు హ్యాండిల్ పట్టుకుని అలా ఉండిపోయాడు. "అయితే ఆ తొంభై ఏలమందీ అరిసింది ఆల్లమ్మ పేరా?" అన్నాడు. ఈ మాటకి అర పాయింటు తిరిగిచ్చేశా.

మర్నాడు కోచింగుకి వేసుకెళ్ళింది. మగపిల్లల్లో ఒకడు ఇదేం జెర్సీరా, ఎవడీ బొన్మతీ అన్నాడంట. ఎవడీ కాదు, ఎవరీ అనాలి అందంట. తర్వాత ఏమైందో నాకు చెప్పలేదు, మోకాలు మాత్రం దోక్కుని వచ్చింది.

నెల తర్వాత రిపోర్టు. ఆరు ఉతుకులయ్యాయి. పేరు గట్టిగానే ఉంది, ఆశ్చర్యం, హడావిడిగా కొట్టిన ఐ కూడా ఊడలేదు. 14లో నాలుగు కింది మూల మాత్రం లేచింది. తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో మళ్ళీ నొక్కి ఇచ్చాడు, డబ్బులడగలేదు. తిరగేసి ఉతకండి, చన్నీళ్ళు చాలు, బ్రష్ పెట్టి రుద్దొద్దు, వాషింగ్ మిషన్ డ్రయ్యర్లో వెయ్యొద్దు, ప్రింటు మీద ఇస్త్రీ పెట్టెతో అసలు వెళ్ళొద్దన్నాడు. మా పనమ్మాయికి ఇవన్నీ చెప్తే నీకేటి పట్టుచీరా అది అంది.

అప్పుడే ఇండియా జెర్సీ అడిగాం, సంగీతా బాస్‌ఫోర్ పేరుతో. ఆమె కూడా మిడ్‌ఫీల్డే, బెంగాల్ కల్యాణి అమ్మాయి, 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్ మీద 2-1తో గెలిచిన మేచ్‌లో రెండు గోల్సూ ఆమెవే, క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఏషియన్ కప్‌కి మన ఆడపిల్లలు వెళ్ళడం అదే మొదటిసారి. ఓనరు ఛెత్రీ జెర్సీ చూపించి ఇదే ఉంది అన్నాడు. మన నిజామాబాద్ వైపు తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా దాకా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది, తెలుగు పిల్ల, ఆ పేరు మీద ఒక్కటైనా ఏ షాపులోనైనా కనపడిందా? అడిగినోళ్ళు లేరంటాడు మళ్ళీ. ఈసారి ఆర్డర్ బుక్కు చివరి పేజీలో మా పిల్ల చేత పేర్లు రాయించుకున్నాడు మాత్రం. అందులో ఫార్మిగా అని కూడా రాసింది. అది ముద్దుపేరు, పోర్చుగీసులో చీమ అని అర్థం, బ్రెజిల్ మిడ్‌ఫీల్డరు, ఏడు వరల్డ్‌కప్పులాడింది, 2021లో దేశం తరఫున ఆఖరి మేచ్ ఆడింది మన ఇండియా మీదే. చీమ అని జెర్సీ మీద ఏసుకుంటారేటి అని కుర్రాడు చాలాసేపు నవ్వాడు. వాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు, ఆ హెచ్ కోసం ఉద్యోగం తీసేయలేదు, అదీ మంచిదే.

మొన్న ఇంకో పని పడింది. కోచింగు వాళ్ళు టీమ్ జెర్సీలు తెల్లవి ఇచ్చారు, వెనక పేరు ఎవరిది వాళ్ళే వేయించుకోమన్నారు. మావారి ఇంటిపేరు చింతలపూడి, ఇంగ్లీషులో పన్నెండక్షరాలు, మా పిల్ల వీపు మీద పట్టాలంటే చంకల్లోకి వెళ్తుంది, పైగా 180 రూపాయలు. నేను ఈ లెక్కలు చేస్తుంటే ఇది "అమ్మా, మీ పుట్టింటి ఇంటిపేరు ఎల్లపు కదా, అది ఏడక్షరాలే, బొన్మతీకి ఎన్నో అన్నే" అంది. మావారు పేపర్లోంచి తలెత్తి, డెబ్బై ఐదు మిగులుతాయిగా వెయ్యించు అన్నారు. మా అత్తగారు ఏమీ అనలేదు, పూజ గదిలోకి వెళ్ళిపోయారు, అది అనడం కిందకొస్తుందో రాదో రెండ్రోజులుగా చూస్తున్నా.

అదే షాపుకే వెళ్ళాం, ఇంకెక్కడికెళ్తాం. తెల్లది కాబట్టి సబ్లిమేషన్, ఊడే గొడవ లేదు, తప్పు పడితే సరిచేసే దారీ లేదు. ఈసారి కుర్రాడి పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నా. వాడు కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, మేడమ్, ఎల్లపులో ఎల్లు ఒకటా రెండా అన్నాడు. పదిహేడేళ్ళయింది నేను ఆ పేరు రాసి. బల్ల మీద వేలితో రాసి చూసుకుని, రెండు అన్నా.

డెలివరీ గురువారం అన్నాడు. శనివారం అనుకోండి.